సున్నపు ముద్ద చెప్పిన చరిత్ర

తాంబూలానికి ఆకు, వక్క, సున్నం అని మూడు చెప్పుకుంటాము. మూడింటిలోను మంచి మాట దక్కనిది సున్నానికే. కాస్త ఎక్కువైతే నాలుక పొక్కినదని దానిని తిట్టుకుంటాము. పాళంగా కుదిరితే మాత్రం నోరు పండినదని ఆకును మెచ్చుకుంటాము. కట్టడాల విషయంలోనూ ఇదే అన్యాయం జరుగుతున్నది. చార్మినారును చూడవచ్చినవారు రాతిని పొగడుతారు, మినారుల ఎత్తును పొగడుతారు, గారలో తీర్చిన నగిషీని పొగడుతారు. 1591 నాటినుండి రాతిని రాతికి అంటిపెట్టి ఉంచిన సున్నాన్ని తలచుకొనేవారు అరుదు.

మనిషి తనకు కావలసిన కట్టడాన్ని ముందుగా ఊహించి, ఆపైన దానికి తగిన పదార్థాన్ని వెదుకుకొంటాడని మనం సాధారణంగా అనుకుంటాము. చరిత్రను తరచి చూస్తే పని అనేక పర్యాయాలు తలక్రిందులుగా జరిగినట్లు కనబడుతుంది. ఏది కట్టవచ్చునో, ఎంతకాలంలో కట్టవచ్చునో, కట్టినది ఎన్నాళ్లు నిలుస్తుందో చేతికి అందిన పదార్థమే నిర్ణయించినది. అంతేకాదు, ఆ పదార్థపు వింత ప్రవర్తన శాస్త్రజ్ఞులచేత కొత్త ప్రశ్నలు అడిగించినది. ఈ మాటకు ఉదాహరణగా గోడలోని రాతిని రాతితో కలిపే ముద్ద కథను, అనగా సున్నం నుండి సిమెంటు వరకు, సిమెంటు నుండి మరల మనం విడిచిపెట్టిన ఇటుకపొడి వరకు నడచిన కథను, ఈ ప్రసంగంలో చెప్పదలచినాను.

సున్నపురాయి మన నేలకు కొత్తది కాదు. పల్నాడులోను, కర్నూలు ప్రాంతంలోను, కృష్ణకు ఉత్తరాన నల్లగొండ ప్రాంతంలోను అది పొరలు పొరలుగా పరచుకొని ఉన్నది. అమరావతిలోను, నాగార్జునకొండలోను బౌద్ధ శిల్పులు తమ ఉలికి ఎన్నుకొన్నది పల్నాటి సున్నపురాతినే. ఆ రాతినే కాల్చితే గోడకు సున్నమవుతుంది. ఈ రెండు గుణాలూ ఒకే రాతిలో ఉండడం అమరావతి స్తూపానికి శాపమైనది. పద్దెనిమిదవ శతాబ్ది చివరలోను, ఆ తరువాతను, స్తూపపు శిథిలాల నుండి తీసిన పలకలు కొన్ని కొత్త కట్టడాలలో రాళ్లుగా పోయినవి. కొన్ని సున్నపు బట్టీలో కాలిపోయినవి. కాలినవానిపై ఏ జాతక కథలు చెక్కి ఉండెనో ఇక ఎవరూ చెప్పలేరు. పదార్థం విలువ దానిని చూచే కంటిలో ఉన్నదనడానికి ఇంతకంటె కఠినమైన సాక్ష్యం ఉండబోదు.

బట్టీలో జరిగేది ఏమి? సున్నపురాతిని సుమారు తొమ్మిదివందల డిగ్రీల వేడిలో కాల్చినప్పుడు దానిలో అణగియున్న బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, బయటికి పోతుంది. నూరు మణుగుల రాయి యాభైయారు మణుగుల పొడిసున్నంగా మిగులుతుంది. నలభైనాలుగు మణుగులు గాలిలో కలుస్తుంది. ఆ పొడిసున్నంపై నీరు పోస్తే అది బుసబుసమని పొంగి, వేడెక్కి, తడిసున్నమవుతుంది. దానిలో ఇసుక కలిపి గోడకు పెట్టినప్పుడు, అది తాను బట్టీలో పోగొట్టుకొన్న వాయువునే గాలినుండి కొద్దికొద్దిగా తిరిగి తీసుకొని మరల రాయిగా మారుతుంది. రాయి సున్నమై, సున్నం తిరిగి రాయి కావడం ఒక చక్రం. ఈ చక్రం చాల నెమ్మదిగా తిరుగుతుంది. మందమైన గోడ లోపలి సున్నం గట్టిపడడానికి ఏండ్లు పట్టవచ్చును. ఎల్లప్పుడు నీటిలో మునిగియుండే చోట గాలి సోకదు కావున వట్టి సున్నం గట్టిపడనే గట్టిపడదు.

ఈ లోపానికి మందు రోమనులకు ఒక అగ్నిపర్వతం ఇచ్చినది. వెసూవియస్ పర్వతానికి చేరువలో, నేపుల్స్ సముద్రతీరాన పొజ్జువోలి అనే పట్టణం ఉన్నది. అక్కడి అగ్నిపర్వతపు బూడిదమట్టిని సున్నంలో కలిపితే ఆ ముద్ద నీటి అడుగున కూడ గట్టిపడుతుందని వారు గ్రహించినారు. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దిలో విట్రూవియస్ అనే శిల్పి తన వాస్తుగ్రంథంలో ఈ మట్టిని ప్రత్యేకంగా వర్ణించినాడు. నేటికీ ఆ ఊరి పేరుననే అటువంటి పదార్థాలన్నింటిని పొజ్జొలానా అంటున్నారు. ఆ మట్టిలోని ఇసుకజాతి పదార్థమైన సిలికా, అల్యూమినా అనేవి సున్నంతో కలిసి, గాలి అవసరం లేకుండా, నీటి సాయంతోనే రాతివంటి బంధాన్ని ఏర్పరుస్తవి. ఇంతటి ఉపయోగం కనుకనే పాలస్తీనాలోని సిజేరియా ఓడరేవును హెరోద్ రాజు కట్టించినప్పుడు ఇటలీ నుండి ఈ మట్టిని ఓడలకెత్తి సముద్రం దాటించినారు.

రోము నగరంలోని పాంథియన్ గుమ్మటం ఈ పదార్థపు పుణ్యమే. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ. శ. 126 ప్రాంతంలో పూర్తియైన ఆ గుమ్మటం వ్యాసం 43 మీటర్లకు పైగా ఉన్నది. ఇనుపకడ్డీ లేని కాంక్రీటు గుమ్మటాలలో దానిని మించినది ఇప్పటికీ లేదు. క్రిందిభాగంలో బరువైన రాళ్లముక్కలు కలిపి, పైకి పోయినకొద్దీ తేలికవి కలిపి, శిఖరం వద్ద నురుగువంటి అగ్నిపర్వతపు రాతిని వాడినారు. బరువు తలకెక్కితే క్రింది గోడలు ఓర్వలేవని వారికి తెలియును. ఇదే ఎరుక మన ఓరుగల్లు సీమలోనూ కనబడుతుంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన రామప్ప గుడి విమానానికి వాడిన ఇటుకలు నీటిపై తేలేటంత తేలికైనవి. 2021లో యునెస్కో ఆ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు శిల్పంతోపాటు ఈ నిర్మాణ నైపుణ్యాన్ని కూడ ఎన్నికచేసినది.

అగ్నిపర్వతం లేని దేశాలవారు ఏమి చేయవలెను? మన పూర్వులు అందుకు తేలికైన ఉపాయం కనుగొన్నారు. కాల్చిన మట్టిని, అనగా ఇటుకలను, పెంకులను మెత్తగా దంచి సున్నంలో కలిపినారు. దానికే సుర్కీ అని పేరు. అగ్నిపర్వతం తన కడుపులో మట్టిని కాల్చినట్లే కుమ్మరి ఆవంలోను, ఇటుకల బట్టీలోను మనిషి మట్టిని కాల్చుతున్నాడు. ఫలితం కూడ ఇంచుమించు అటువంటిదే. సున్నాన్ని, ఇసుకను, ఇటుకపొడిని గుండ్రని రాతిగాడిలో పోసి, ఎద్దులు త్రిప్పే రాతిచక్రం క్రింద వెన్నవలె నలుగగొట్టేవారు. అదియే గానుగసున్నం, డంగుసున్నం. అందులో బెల్లపునీరు, కరక్కాయ కషాయం పోసేవారు. బెల్లం ముద్దను త్వరగా బిగియనీయక, పని చేసుకొనడానికి వ్యవధి ఇస్తుంది. ఈ సంగతులు మేస్త్రీలకు పుస్తకం వలన తెలియలేదు. తండ్రి చేతి నుండి కొడుకు చేతికి వచ్చినవి. ఆ చేతులు పని మానుకొన్ననాడు ఆ విద్య కూడ పోతుందన్న ప్రమాదం అందులోనే ఉన్నది.

ఇక సున్నం శాస్త్రానికి గురువైన ఘట్టం చెప్పవలెను. పద్దెనిమిదవ శతాబ్ది నడుమ ఎడింబరోలో వైద్యులు సున్నపు తేటను మూత్రాశయంలోని రాళ్లకు మందుగా వాడేవారు. ఏ సున్నం మంచిదన్న విషయంలో అక్కడి ఆచార్యుల నడుమ వాదం నడచినది. జోసెఫ్ బ్లాక్ అనే యువ వైద్యుడు ఈ విషయంలో ప్రవేశించి, వాదానికి బదులు త్రాసును పట్టుకొన్నాడు. కాల్చకముందు తూచినాడు, కాల్చిన తరువాత తూచినాడు. తగ్గిన బరువు ఎక్కడికి పోయినదని అడిగినాడు. రాతిలో ఒక వాయువు బందీగా ఉన్నదని, మనం పీల్చే గాలికి అది వేరని, మన ఊపిరిలో కూడ అది వెలువడుతున్నదని తేల్చినాడు. ఆయన పరిశోధన 1756లో అచ్చయినది. సున్నపు తేటలోనికి గొట్టంతో ఊదితే అది పాలవలె తెల్లబడడం మన పాఠశాల పిల్లలందరూ చూచినదే. వాయువులను గురించిన రసాయనశాస్త్రానికి నాంది పలికిన వస్తువులలో సున్నం ఒకటి.

అదే 1756లో ఇంగ్లండుకు నైరుతి దిక్కున జాన్ స్మీటన్ అనే ఇంజనీరు సముద్రంలోని ఎడిస్టన్ రాతిబండపై దీపస్తంభం కట్టడానికి పూనుకొన్నాడు. ఆ బండపై మొదట కట్టిన స్తంభం 1703 తుపానులో తన నిర్మాతతో సహా కొట్టుకొనిపోయినది. రెండవదానికి కొయ్య ముఖ్యం. అది 1755లో అగ్నికి ఆహుతియైనది. మూడవదానిని రాతితోనే కట్టవలెనని స్మీటన్ నిశ్చయించుకొన్నాడు. కాని కెరటాలు కొట్టే చోట సున్నం ఎట్లు నిలుస్తుంది?

అప్పటివరకు గట్టి రాతినుండి వచ్చిన సున్నమే గట్టిగా ఉంటుందని లోకం నమ్మినది. స్మీటన్ ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టినాడు. నానావిధాల సున్నాలతో ఉండలు చేసి నీటిలో వేసి చూచినాడు. సున్నపురాళ్లను ఆమ్లంలో కరగించి, అడుగున మిగిలినదేమిటో చూచినాడు. నీటిలో గట్టిపడే సున్నాన్నిచ్చిన రాళ్లన్నింటిలోనూ అడుగున బంకమట్టి మిగిలినది. అనగా నల్లరాతి కాఠిన్యానికీ తెల్లరాతి సొగసుకీ ఇందులో పని లేదు. మచ్చ అనుకొన్న మట్టియే గుణమైనది! ఆయన వేల్సు తీరపు సున్నాన్ని, ఇటలీ నుండి వచ్చిన పొజ్జొలానాను సరిపాళ్లలో కలిపి, ఒకదానిలో ఒకటి పట్టుకొనేటట్లు చెక్కిన రాళ్ల నడుమ పెట్టినాడు. 1759లో దీపం వెలిగినది. నూరేండ్లకు పైగా అది నిలిచినది. చివరకు స్తంభం చెడలేదు. దాని క్రిందనున్న బండయే అలల తాకిడికి అరిగినది. అప్పుడు పైభాగాన్ని విప్పి, ప్లిమత్ పట్టణపు ఒడ్డున తిరిగి నిలబెట్టినారు. నేడు కూడ దానిని చూడవచ్చును.

మట్టి కలిసిన సున్నపురాయి మంచిదైతే, మట్టిని సున్నపురాతిని మనమే పాళంగా కలిపి కాల్చరాదా అన్న ఆలోచన తరువాత వచ్చినది. ఫ్రాన్సులో లూయీ వికా అనే వంతెనల ఇంజనీరు పందొమ్మిదవ శతాబ్ది రెండవ దశకంలో అట్టి సున్నాన్ని తయారుచేసి చూపినాడు. ఇంగ్లండులో లీడ్స్ పట్టణపు తాపీపనివాడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో తన మిశ్రమానికి హక్కుపత్రం పొందినాడు. గట్టిపడిన ముద్ద పోర్ట్‌లండ్ దీవి రాతిని పోలియున్నదని దానికి పోర్ట్‌లండ్ సిమెంటు అని పేరుపెట్టినాడు. పేరు ఆయనదే గాని, నేటి సిమెంటు గుణం తరువాతివారి వలన వచ్చినది. బట్టీలో అతిగా కాలి, కరగి గడ్డకట్టినవానిని పనికిరావని పారవేసేవారు. ఆ నల్లగడ్డలను నూరి చూస్తే అవే ఎక్కువ గట్టివని తెలిసినది! వానినే క్లింకర్ అంటున్నాము. వానికి 1450 డిగ్రీల వేడి కావలెను. 1885లో తిరిగే కొలిమి వచ్చిన పిదప ఆ వేడి ఎడతెగకుండా సాధ్యమైనది.

క్లింకర్‌లో ఏమున్నదని తరువాతి తరం శాస్త్రజ్ఞులు అడిగినారు. ఫ్రెంచి రసాయనికుడు లె షాట్లియే దానిని పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించి, 1887లో తన సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించినాడు. సున్నం పాలు ఎక్కువగా ఉన్న ఒక సిలికేటు త్వరగా బలమిస్తుంది. సున్నం తక్కువగా ఉన్న మరొకటి నెలల తరబడి నెమ్మదిగా బలమిస్తుంది. త్వరగా బలమిచ్చేదాని పాలు పెంచినకొద్దీ వ్యాపారానికి అనుకూలమైనది. సిమెంటు మనిషికి ఇచ్చిన ముఖ్యమైన వరం బలం మాత్రమే కాదు, త్వర. సున్నపు గోడ ఋతువుల లెక్కతో ఆరుతుంది. సిమెంటు దినాల లెక్కతో బిగుస్తుంది. గుత్తేదారు బిల్లు, పరంజా అద్దె, వడ్డీ లెక్క అన్నీ ఆ త్వరను కోరినవి.

ఇక మన నదుల వద్దకు వద్దాము. సిమెంటు ఇంకను మన దేశానికి రాని కాలంలోనే గోదావరి కట్టువడినది. నందన నామ సంవత్సరపు కరువు, అనగా 1832-33 నాటి కరువు, ఈ మండలాలను నుసిచేసినది. నిండుగా పారే నది ప్రక్కన జనం అన్నంలేక మరణించినారు. 1844లో గోదావరి తీరానికి వచ్చిన ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద ఆనకట్ట ప్రతిపాదించి, 1847లో ఆరంభించి, 1852లో పూర్తిచేసినాడు. అక్కడ నదికి అడుగున బండ లేదు. ఎంత త్రవ్వినా ఇసుకయే. కావేరిపై ప్రాచీనులు కట్టిన కల్లణై ఆయనకు పాఠశాల. లోతు తెలియని ఇసుకపై పునాది నిలపడం ఈ దేశపు పూర్వ శిల్పుల నుండియే నేర్చుకొన్నామని ఆయన దాపరికం లేకుండా చెప్పినాడు.

ఆ ఆనకట్టను నిర్ణయించినది దగ్గరి పదార్థమే. ధవళేశ్వరపు కొండలో రాయి ఉన్నది. దానిని నదివద్దకు చేర్చడానికి ఇనుప పట్టాలు పరచి బండ్లు నడపినారు. మన దేశంలో ప్రయాణికులు రైలెక్కడానికి ముందే, రాయి రైలెక్కినది! ఇసుకలో బావులు దింపి, వానిపై సున్నంతో రాతిగోడలు లేపి, దిగువన పెద్దరాళ్లు పరచినారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలకు నాలుగు భాగాలుగా అది సాగినది. వేలాది కూలీలను సమకూర్చి, కాటనుకు కుడిభుజమై నిలిచిన వీణం వీరన్న పేరును కూడ ఇక్కడ స్మరింపవలెను. 1970లో కొత్త బ్యారేజి పని మొదలై 1982లో జాతికి అంకితమగువరకు, ఆ సున్నపు కట్టడమే రెండు గోదావరి జిల్లాలకు అన్నం పెట్టినది.

సుర్కీ బలానికి మరొక సాక్షి మైసూరు వద్ద కృష్ణరాజసాగరం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ప్రణాళికతో 1911లో మొదలైన ఆ ఆనకట్టలో రాతిని కలిపినది సుర్కీ సున్నమే. మద్రాసులో 1904లో సిమెంటు తయారుచేయబోయిన ప్రయత్నం నిలువలేదు. 1914లో పోరుబందరులో దేశీయ సిమెంటు నిలకడగా తయారుకాసాగినది. ఆపైన ప్రభుత్వ కట్టడాలలో సిమెంటు ముందుకు, సుర్కీ వెనుకకు జరిగినవి. సుర్కీలో నిజంగా ఒక చిక్కు ఉండెను. ఒక బట్టీ ఇటుకకు మరొక బట్టీ ఇటుక సమానం కాదు. సంచి విప్పిన ప్రతిసారి ఒకే గుణమిచ్చే సిమెంటు ఇంజనీరుకు నమ్మదగినదైనది. ఆ నమ్మకం న్యాయమైనదే.

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగరం ఈ రెండు యుగాల నడుమ నిలిచిన కట్టడం. కాంక్రీటు పోసే భారీ యంత్రాలను విదేశాల నుండి తెప్పించవలెనంటే విదేశీ మారకం కావలెను. మన వద్ద అది కొరత. రాయి ఉన్నది, రాయి కొట్టే చేతులు ఉన్నవి, పని కోసం ఎదురుచూచే కడుపులు ఉన్నవి. అందుకే దానిని కాంక్రీటుతో పోయక రాతితో కట్టినారు. పునాది నుండి సుమారు 124 మీటర్ల ఎత్తు, సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల పొడవు గల ఆ కట్టడపు రాళ్లను చాలవరకు మనుషులు మోసినారు. స్త్రీలు తలమీద గమేళాలతో పరంజాలెక్కినారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదలచేసినారు. ప్రపంచంలోని గొప్ప రాతి ఆనకట్టలలో ఒకటిగా అది పేరుపొందినదంటే, మన బీదతనమూ మన రాయీ కలిసి తెచ్చిపెట్టిన కీర్తి అది.

అదే కాలంలో ఇండ్లలో ఇనుపకడ్డీల కాంక్రీటు పాతుకొన్నది. దీని మూలపురుషులలో ఒకడు పారిస్ నగరపు తోటమాలి జోసెఫ్ మోనియే. పూలతొట్లు పగిలిపోకుండా సిమెంటులో ఇనుపతీగె పెట్టి 1867లో హక్కుపత్రం తీసుకొన్నాడు. సిమెంటుకు నొక్కుడును ఓర్చే శక్తి ఉన్నది, లాగుడును ఓర్చే శక్తి లేదు. ఆ లోటును ఇనుము తీర్చినది. ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. కొత్త కాంక్రీటులోని సున్నపు క్షారగుణం ఇనుమును తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏండ్ల తరబడి లోపలికి జొరబడి ఆ క్షారాన్ని విరిచివేస్తుంది. అప్పుడు తేమ తగిలిన కడ్డీ తుప్పుపట్టి, ఉబ్బి, కప్పు పెచ్చులూడుతుంది. సున్నపు గోడకు ఆయువు పోసిన వాయువే కడ్డీ ఉన్న స్లాబుకు ఆయువు తీస్తున్నది! సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి ఈ పనిని మరింత వేగిరపరుస్తుంది.

ఇంతకంటె పెద్ద లెక్క మరొకటి ఉన్నది. జోసెఫ్ బ్లాక్ త్రాసులో తూచిన ఆ వాయువే నేడు భూగోళానికి చెమటలు పట్టిస్తున్నది. ఒక టన్ను క్లింకర్ తయారైతే రాతినుండియే అర టన్నుకు పైగా బొగ్గుపులుసు వాయువు బయటపడుతుంది. కొలిమికి వేసిన బొగ్గు పొగ దీనికి అదనం. ప్రపంచంలో ఏటా సుమారు 400 కోట్ల టన్నుల సిమెంటు తయారవుతున్నది. మానవుని పనుల వలన వెలువడే బొగ్గుపులుసు వాయువులో ఇంచుమించు నూటికి ఏడెనిమిది పాళ్లు దీనివే. ఉత్పత్తిలో చైనా తరువాతి స్థానం మనది. ఏటా 40 కోట్ల టన్నులకు పైమాట. పొయ్యిలో బొగ్గు మాని మరొక ఇంధనం వేయవచ్చును. రాతిలో దాగియున్న వాయువును మాత్రం ఇంధనం మార్చి ఆపలేము. అది పదార్థపు స్వభావం.

అట్లని సిమెంటు మానుకోమనగలమా? ఇంకను పక్కా ఇల్లు లేనివారు ఎందరో ఉన్న దేశం మనది. వంతెన కావలెను, ఆసుపత్రి కావలెను, పాఠశాల కావలెను. వారితో ఇక కట్టవద్దని చెప్పడానికి ఇల్లున్నవానికి అధికారం లేదు. మిగిలిన మార్గం ఒకటే: క్లింకర్‌ను పొదుపుగా వాడడం. ఇక్కడనే కథ వెనుకకు తిరుగుతున్నది.

థర్మల్ విద్యుత్కేంద్రాలలో బొగ్గు కాలగా మిగిలే బూడిద, ఉక్కు కర్మాగారాలలో మిగిలే చిట్టెం, రెండూ సున్నంతో కలిసి బంధం ఏర్పరచగలవు. వానిని సిమెంటులో కలుపుతున్నారు. దుకాణంలో పీపీసీ అని అమ్మే సిమెంటులో నూటికి 15 నుండి 35 పాళ్ల వరకు ఇటువంటి బూడిద ఉండవచ్చునని మన ప్రమాణాలు అనుమతిస్తున్నవి. కాని బొగ్గు వాడకం తగ్గిన దేశాలలో బూడిద కూడ కొరతయైనది. అందుచేత స్విట్జర్లండు, క్యూబా దేశాల పరిశోధకులు, మన ఢిల్లీ, మద్రాసు ఐఐటీలవారు కలిసి వేరొక మిశ్రమాన్ని రూపొందించినారు. అందులో క్లింకర్ సగమే. మిగిలినదానిలో ముఖ్యభాగం ఏడెనిమిదివందల డిగ్రీలలో కాల్చిన బంకమట్టి, కొంత కాల్చని సున్నపురాతి పొడి, కాస్త జిప్సం. మామూలు సిమెంటుతో పోల్చితే బొగ్గుపులుసు వాయువు నూటికి ముప్ఫై నలభై పాళ్లు తగ్గుతుంది. 2023లో దీనికి భారతీయ ప్రమాణం కూడ వెలువడినది.

కాల్చిన మట్టి, సున్నపురాయి! ఈ మాట విన్నప్పుడు గానుగ ప్రక్కన కూర్చుండి పెంకులు దంచిన కూలీస్త్రీ రోకలి చప్పుడు నా చెవిలో మ్రోగినది. ఆమె దంచినదే నేడు ప్రయోగశాలకు తిరిగివచ్చినది. అయితే పూర్వులకు సర్వమూ తెలియునని చంకలు కొట్టుకొనరాదు. ఏ మట్టియైనా, ఏ వేడియైనా పనికివస్తుందనుకొంటే పొరపాటు. కేవొలిన్ జాతి మట్టి తగినంత ఉండవలెను, వేడి మితం దాటరాదు, పొడి మెత్తగా ఉండవలెను. సుర్కీని మనవారు విడిచిపెట్టినది దానికి నిలకడైన గుణం లేదనియే కదా. ఆ నిలకడను కొలత ఇచ్చినది. చేతివిద్యకు త్రాసు తోడైనప్పుడే ఆ విద్య అందరిదవుతుంది.

ఇందులో నాకు ఒక స్వానుభవం కూడ ఉన్నది. మా ఊరి పెంకుటిల్లు తాతగారి నాటిది. గోడలు ఇటుక, సున్నం. వానకాలంలో గోడ అడుగు చెమ్మగిల్లి, ఎండకాలంలో ఆరిపోయేది. కొన్నేండ్ల క్రిందట గోడ శాశ్వతంగా ఉండవలెనని, ఒక మేస్త్రీ మాట విని, చుట్టూ సిమెంటు పూత పూయించినాను. మూడవ వానకాలానికి పూత పొంగి పలకలు పలకలుగా ఊడినది. దానితోపాటు వెనుకనున్న ఇటుక పొరలు కూడ రాలినవి. సున్నపు గోడ ఊపిరి తీసుకొంటుంది. లోపలి చెమ్మ బయటికి పోవలెను. దాని ముక్కు మూసినవాడిని నేనే. మా పొరుగున ఉన్న ఒక ముసలి మేస్త్రీ వచ్చి చూచి, కోపగించుకొనలేదు. “పాత గోడకు పాత మందే వేయవలెను బాబూ” అని మాత్రం అన్నాడు. సున్నం గానుగ పట్టించడానికి ఆయనకు ఓపిక లేదు. చేయించడానికి ఆ చుట్టుప్రక్కల మరొకరు లేరు. ఆ గోడ ఇప్పటికీ సగం సిమెంటు, సగం మొండి ఇటుకగా ఉన్నది.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టబోయేవారికి ఈ చరిత్ర ఇచ్చే హితవు కొద్దిపాటిదే. బూడిద గాని, చిట్టెం గాని కలిసిన సిమెంటు బలహీనమన్న భయం విడువండి. దానికి బలం కాస్త ఆలస్యంగా వస్తుంది, వచ్చిన పిదప నిలుస్తుంది. ఆ ఆలస్యాన్ని ఓర్చుకొని, మేస్త్రీ తొందరపెట్టినా పరంజా ముందుగా విప్పనీయక, మరికొన్ని దినాలు నీళ్లు కొట్టించండి. పాత సున్నపు కట్టడం మీ చేతిలో ఉంటే సున్నంతోనే బాగుచేయించండి; ఆ పని తెలిసిన మేస్త్రీ కనబడితే అతని ప్రక్కన ఒక కుర్రవానిని నిలబెట్టండి. ఉన్న గోడ నిలిస్తే కొత్తగోడకు కాల్చవలసిన రాయి తగ్గుతుంది.

త్వర కోసం మనం సున్నాన్ని విడిచినాము. ఆ త్వర మనకు ఆనకట్టలను, ఆసుపత్రులను, నీడను ఇచ్చినది, దానిని తూలనాడరాదు. దాని ఖరీదు మాత్రం ఇన్నాళ్లు మన లెక్కలోనికి రాలేదు, గాలి ఖాతాలో వ్రాయబడినది. ఇప్పుడు ఆ బాకీ తీర్చవలసిన వంతు మనకు, మన పిల్లలకు వచ్చినది. రేపు ఉదయం తాంబూలం పళ్లెంలో ఆ తెల్లని ముద్ద కనబడినప్పుడు, చిటికెన వ్రేలితో అందుకొనే ముందు, దానినొక్కమారు చూడండి.